డబ్బా విప్పిన దగ్గర్నుంచి మాట వచ్చేదాకా: కొత్త ల్యాప్‌టాప్ మీద ఎన్వీడీఏ, పర్లాకిమిడి ప్రాజెక్టు డైరీ

ఇది మా మేనకోడలి కొత్త ల్యాప్‌టాప్ సెటప్ లాగ్. అప్ప (మా అక్క) వాళ్ళది ఒడిశాలో పర్లాకిమిడి, నేను బోర్డరు ఇవతల ఆంధ్రాలో పాతపట్నం. నాకూ చూపు లేదు, మా గుంటకీ, అదే ఆ మేనకోడలికీ, లేదు. తను ఒడియా మీడియంలో బ్రెయిలీతో చదువుకుని ఇప్పుడు ప్లస్ టూలో చేరింది. ఇంట్లో తెలుగు, క్లాసులో ఒడియా, పుస్తకాలు సగం ఇంగ్లీషు. నేను చాలా ఏళ్ళుగా పాత డెస్క్‌టాప్ మీద ఎన్వీడీఏ వాడుతున్నా (తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ ఇది), అంటే పెద్ద కీబోర్డు, నంబర్ ప్యాడ్, ఇన్సర్ట్ కీ, అన్నీ ఉన్న కాలం మనిషిని. చిన్న ల్యాప్‌టాప్ ఇద్దరికీ కొత్తే.

ఒక లెక్క పెట్టుకున్నాం. చూపున్నవాళ్ళని "ఒకసారి ఇటొచ్చి చూడు" అని పిలిచిన ప్రతిసారీ ఒక అప్పు. డబ్బు, డేటా, కళ్ళ అప్పు, మూడూ అప్పటిదాకా అయిన మొత్తంగా, లెక్క మారిన దశల చివర రాశాను. ఫోన్ కెమెరాతో చదివించుకుంటే అప్పు కాదు, అది మన ఫోనే కదా.

మెషిన్: 14 అంగుళాలు, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్ 11 హోమ్. కంపెనీ పేరు రాయను, చవక మోడళ్ళు చాలావాటిలో ఇవే తలనొప్పులు.

దశ 0: డబ్బా విప్పకముందు చెయ్యాల్సినవి

ఇది చాలామంది వదిలేస్తారు, తర్వాత సెటప్ మధ్యలో ఇరుక్కుంటారు.

1. మైక్రోసాఫ్ట్ అకౌంట్ ముందే ఫోన్‌లో టాక్‌బ్యాక్‌తో (ఆండ్రాయిడ్‌లో ఉండే స్క్రీన్ రీడర్) తెరిచి పెట్టుకోండి. కొత్త అకౌంట్ తెరిచేటప్పుడు బొమ్మల పజిల్ అడగొచ్చు, అక్కడ ఆడియో ఆప్షన్ వెతుక్కోవడం అలవాటైన ఫోన్‌లో తేలిక, మాట సరిగా రాని కొత్త మెషిన్‌లో నరకం.
2. పాస్‌వర్డ్ పెద్దదైనా పర్లేదు కానీ క్యాపిటల్ అక్షరం మొదట్లో ఒక్కటే పెట్టండి. ఎందుకో దశ 4లో.
3. వేరే కంప్యూటర్‌లో ఎన్వీడీఏ ఇన్‌స్టాలర్ దింపి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. దాన్ని తయారుచేసే ఎన్వీ యాక్సెస్ వాళ్ళ సొంత సైటు నుంచే, సెర్చ్‌లో పైన వచ్చే యాడ్ లింకుల్లోంచి వద్దు. డౌన్‌లోడ్‌కి ముందు విరాళం అడుగుతుంది, ఇప్పుడు ఇవ్వలేకపోతే దాటెయ్యొచ్చు, సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితమే. 2006లో మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు మొదలెట్టాడు, ఆయనకీ చూపు లేదు.
4. వైరు ఉన్న హెడ్‌సెట్ ఒకటి.

ఇంకో స్క్రీన్ రీడర్ జాస్ ఎందుకు కాదని మా బావ అడిగాడు, ఎక్కడో విన్నాడట. జాస్ మంచిదే, 1989 నుంచి ఉంది, కానీ లైసెన్సు కొనాలి, కొనకపోతే 40 నిమిషాలు నడిచి ఆగుతుంది, మళ్ళీ కావాలంటే కంప్యూటర్ రీస్టార్ట్. ప్లస్ టూ పిల్లకి అది కుదరదు.

లెక్క: పెన్‌డ్రైవ్ 400, హెడ్‌సెట్ 650. ఖర్చు 1,050. డేటా దాదాపు సున్నా. కళ్ళ అప్పు 0.

దశ 1: మొదటి బూట్, నేరేటర్

విండోస్ 11 సెటప్ తెర తనంతట తాను నోరు విప్పదు. కంట్రోల్ + విండోస్ + ఎంటర్ నొక్కితే నేరేటర్ లేచి చదువుతుంది, ఇది విండోస్‌లోనే ఉంటుంది, ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు.

మా గుంట నొక్కింది. నిశ్శబ్దం. ఫ్యాను చప్పుడు వస్తోంది, వేడి తగులుతోంది, అంటే మెషిన్ ఆన్‌లోనే ఉంది. వాల్యూమ్ పెంచాం, మళ్ళీ నొక్కాం, ఏం లేదు. "మావయ్యా, ఇది మూగదేటి?" అంది. ఫోన్ కెమెరా యాప్ పెట్టి తెర చదివిస్తే దేశం ఎంచుకోమనే తెర మీదే నిలబడి ఉంది, అంటే సెటప్ బాగానే ఉంది, మన మీట దానికి అందట్లేదు.

అసలు సంగతి ఏంటంటే ఈ కీబోర్డులో కింద ఎడమ మూలన ఉన్నది కంట్రోల్ కాదు, ఎఫ్ఎన్. కంట్రోల్ దాని పక్కన రెండోది. స్కూలు ల్యాబ్‌లో పెద్ద కీబోర్డు మీద "మూల కీ అంటే కంట్రోల్" అని వేలికి నేర్పారు, వేలు అక్కడికే పోతుంది. రెండో కీతో నొక్కగానే నేరేటర్ మాట్లాడింది. మీ మెషిన్ మాట్లాడకపోతే స్పీకర్‌ని అనుమానించే ముందు మూల కీ బదులు దాని పక్క కీతో నొక్కి చూడండి. మూలన ఏది ఉందో మోడల్‌ని బట్టి మారుతుంది, చేత్తో తడిమితే రెండూ ఒకేలా ఉంటాయి, తేడా తెలీదు.

ఆ తర్వాత వరస:

1. దేశాల లిస్టులో ఐ, ఎన్, డీ గబగబా కొడితే ఇండియా మీదకి వెళ్తుంది. ట్యాబ్, ఎంటర్.
2. కీబోర్డు లేఅవుట్ ఇంగ్లీష్ ఇండియా. రెండో లేఅవుట్ అడిగితే స్కిప్.
3. నెట్‌వర్క్. వైఫై పాస్‌వర్డ్ పెట్టెలో ఏ అక్షరం పడిందో నేరేటర్ చెప్పదు, స్టార్ లాంటి గుర్తులే. అందుకని ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాం, పాస్‌వర్డ్ గొడవే లేదు.
4. మైక్రోసాఫ్ట్ అకౌంట్, తర్వాత పిన్. ఆరంకెలు పెట్టాం.
5. ప్రైవసీ ప్రశ్నలు, ట్యాబ్‌తో ఒక్కోటి వింటూ కట్టేశాం.

మధ్యలో అప్‌డేట్లు దింపుకుని రీస్టార్ట్ అయ్యింది. రీస్టార్ట్ తర్వాత నేరేటర్ మళ్ళీ మూగ, మళ్ళీ అదే మూడు కీలు కొట్టాలి. అప్‌డేట్ సాగుతున్నప్పుడు కూడా పెద్దగా ఏం చెప్పదు. చెడిపోయిందనుకుని పవర్ బటన్ నొక్కకండి, చార్జర్ పెట్టి టీ తాగి రండి. మొత్తం గంటా యాభై నిమిషాలు, అందులో సగానికి పైగా ఈ ఎదురుచూపే.

లెక్క: ఖర్చు 1,050. డేటా 1.6 జీబీ, అంటే మా రోజు ప్యాక్ 2 జీబీలో మిగిలింది ఏమీ లేదన్నట్టే. కళ్ళ అప్పు 0.

డెస్క్‌టాప్ రాగానే చేసిన మొదటి పని సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌కి వెళ్ళి ఆ కనెక్షన్‌ని మీటర్డ్ అని పెట్టడం. దాంతో పెద్ద అప్‌డేట్లు అడక్కుండా డేటా మింగడం చాలావరకు ఆగింది. ఫోన్ నెట్ మీద బతికే ఇళ్ళకి ఇది ఎన్వీడీఏ కంటే ముందు చెయ్యాల్సిన పని అంటాను నేను.

దశ 2: ఇన్‌స్టాలర్ తెరుచుకోలేదు

పెన్‌డ్రైవ్ పెట్టి ఫైలు మీద ఎంటర్ కొడితే, ఇది స్టోర్ యాప్ కాదు, ఇక్కడ నడవదు అన్న అర్థం వచ్చే మెసేజ్. మెషిన్ ఎస్ మోడ్‌లో వచ్చింది. కొన్ని చవక ల్యాప్‌టాప్‌లు ఇలాగే వస్తాయి, ఇందులో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చిన యాప్‌లు తప్ప బయటి ప్రోగ్రాములు నడవవు. భద్రత కోసం పెట్టింది, చెడ్డదేమీ కాదు, కానీ కొన్న షాపులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

బయటికి రావడం ఉచితం. ఒకసారి వస్తే మళ్ళీ లోపలికి వెళ్ళలేం, మాకు ఎలాగూ అక్కర్లేదు.

1. సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్.
2. ఎస్ మోడ్ నుంచి బయటికి రావడం అనే భాగంలో స్టోర్‌కి వెళ్ళే లింకు. ఎస్ మోడ్ అన్న మాట చెవిన పడితేనే నొక్కండి. అదే పేజీలో ఎడిషన్ అప్‌గ్రేడ్ లింకు కూడా ఉంటుంది, అది డబ్బులు అడిగే దారి.
3. స్టోర్ పేజీలో ట్యాబ్ కొడుతూ గెట్ బటన్ మీద ఎంటర్.

నేరేటర్ ఈ పేజీలో చాలాసేపు పక్క బటన్లే చదివింది. క్యాప్స్‌లాక్ + స్పేస్‌తో స్కాన్ మోడ్ వేసి కింది యారోతో పేజీ అంతా మెట్టు మెట్టుగా దిగితే గెట్ దొరికింది.

లెక్కలో మార్పు లేదు.

దశ 3: ఎన్వీడీఏ ఇన్‌స్టాల్

ఇదొక్కటే అనుకున్నట్టు జరిగింది. ఫైలు మీద ఎంటర్, చిన్న ట్యూను వచ్చాక ఎన్వీడీఏ తనే మాట్లాడుతుంది. అప్పుడు నేరేటర్ కూడా మాట్లాడుతూనే ఉంటుంది కాబట్టి ఇద్దరూ ఒకేసారి అరుస్తారు, పైగా క్యాప్స్‌లాక్ నాదంటే నాది అంటారు. ఎన్వీడీఏ గొంతు వినపడగానే కంట్రోల్ + విండోస్ + ఎంటర్‌తో నేరేటర్‌ని కట్టెయ్యండి.

లైసెన్సు చెక్‌బాక్స్‌లో స్పేస్, ఇన్‌స్టాల్ బటన్, సైన్-ఇన్ తెర దగ్గర కూడా వాడాలన్న టిక్ అలాగే ఉంచండి, విండోస్ అనుమతి అడిగితే ఆల్ట్ + వై. అయిపోయాక స్వాగతం పెట్టె వస్తుంది. అందులో మూడు:

1. కీబోర్డు లేఅవుట్: ల్యాప్‌టాప్.
2. క్యాప్స్‌లాక్‌ని ఎన్వీడీఏ కీగా వాడు: టిక్. ఇక ముందు "ఎన్వీడీఏ + ఏదో" అని రాస్తే, క్యాప్స్‌లాక్ పట్టుకుని ఆ కీ కొట్టడం.
3. సైన్-ఇన్ అయ్యాక తనంతట తాను మొదలవ్వు: టిక్.

తర్వాత ఫ్రీగా వచ్చిన యాంటీవైరస్ ట్రయల్ తీసేశాం. అది కాసేపటికోసారి పాపప్ వేసి ఫోకస్ లాక్కుంటుంది. చూపున్నవాళ్ళకి మూలన చిన్న డబ్బా, మనకి చదువుతున్న వాక్యం మధ్యలో "రెన్యూ నౌ". సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో అన్‌ఇన్‌స్టాల్. విండోస్‌లో ఉన్న డిఫెండర్ చాలు.

దశ 4: కీబోర్డు గొడవ

ఎక్కువ టైము తిన్నది ఇదే.

ఎఫ్ కీలు. ఎన్వీడీఏ + ఎఫ్7 కొడితే పేజీలో లింకులు, హెడింగుల లిస్టు రావాలి. ఇక్కడ ఎఫ్7 నొక్కితే ఇంకేదో ఐంది. ఈ మెషిన్‌లో పై వరస మామూలుగా వాల్యూమ్, వెలుతురు లాంటి పనులకి, అసలు ఎఫ్7 కావాలంటే ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. అంటే క్యాప్స్‌లాక్, ఎఫ్ఎన్, ఎఫ్7, మూడు వేళ్ళ సర్కస్. చాలా మోడళ్ళలో ఎఫ్ఎన్ + ఎస్కేప్ కొడితే ఇది తిరగబడుతుంది. మాదాంట్లో తిరగబడలేదు. సెట్టింగు బయోస్‌లో (మెషిన్ ఆన్ చెయ్యగానే, విండోస్‌కి ముందు వచ్చే సెట్టింగుల తెర) ఉంది, అక్కడ ఏ స్క్రీన్ రీడరూ నడవదు, విండోస్ అప్పటికి ఇంకా లేవదు కాబట్టి. ఫోన్ కెమెరాతో ప్రయత్నిస్తే అక్షరాలు చదువుతుంది గానీ ఏ లైను మీద హైలైట్ ఉందో చెప్పదు. బయోస్‌లో గుడ్డిగా ఎంటర్లు కొట్టడం నాకు ఇష్టం లేదు. పక్కింటి గుంటడిని పిలిచాం. పిలిచిన పాపానికి రెండు పనులు చేయించాం: ఎఫ్ వరసని మామూలుకి మార్చడం, అదే మెనూలో ఉన్న ఎఫ్ఎన్ - కంట్రోల్ స్వాప్ ఆన్ చెయ్యడం. ఇప్పుడు మూల కీ కంట్రోల్. మీరు కూడా అప్పు చేసేముందు బయోస్ పనులన్నీ లిస్టు రాసుకుని ఒకేసారి పిలవండి.

క్యాప్స్‌లాక్. ఎన్వీడీఏ దాన్ని తీసుకున్నాక అసలు క్యాప్స్ కావాలంటే రెండుసార్లు టకటకా నొక్కాలి. కంగారులో అది జరిగిపోయి, పాస్‌వర్డ్ తప్పు, తప్పు అని మెషిన్ గొడవ. పాస్‌వర్డ్ పెట్టెలో స్టార్ స్టార్ అంటుంది తప్ప పెద్దక్షరమా చిన్నక్షరమా చెప్పదు. ఎన్వీడీఏ కీబోర్డు సెట్టింగుల్లో, క్యాప్స్ ఆన్‌లో ఉండగా చిన్నక్షరాలు పడితే బీప్ కొట్టమనే ఆప్షన్ ఉంది, అది ఆన్‌లో ఉంచండి. షిఫ్ట్ పట్టుకుని కొట్టిన మొదటి అక్షరం చిన్నదై బీప్ వచ్చిందంటే క్యాప్స్ ఆన్‌లో ఉన్నట్టు, అప్పటికప్పుడు తెలిసిపోతుంది. దశ 0లో పెద్దక్షరం మొదట్లో పెట్టమన్నది ఇందుకే.

షిఫ్ట్. ఎన్వీడీఏ చదువుతుంటే షిఫ్ట్‌తో ఆపి మళ్ళీ షిఫ్ట్‌తో కొనసాగించొచ్చు, కంట్రోల్ అయితే పూర్తిగా ఆపేస్తుంది. మా గుంట ఆపుతూ సాగిస్తూ వింటుంటే ఉన్నట్టుండి స్టిక్కీ కీస్ కావాలా అని పెట్టె వచ్చింది. షిఫ్ట్ వరసగా ఐదుసార్లు నొక్కితే విండోస్ దాన్ని పిలుపు అనుకుంటుంది. రెండుమూడుసార్లు తెలీక ఎంటర్ కొట్టేసి స్టిక్కీ కీస్ ఆన్ అయిపోయింది, ఇక ఏ కీ నొక్కినా విచిత్రాలు. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డులో స్టిక్కీ కీస్ షార్ట్‌కట్ ఆఫ్ చేశాం, పక్కనే ఫిల్టర్ కీస్ షార్ట్‌కట్ కూడా, అది కుడి షిఫ్ట్ 8 సెకన్లు పట్టుకుంటే వస్తుంది.

టచ్‌ప్యాడ్. టైపు చేస్తుంటే బొటనవేలి కింద కండ తగిలి క్లిక్ ఐపోతుంది, అక్షరాలు వేరే చోట పడతాయి. బ్లూటూత్ అండ్ డివైజెస్‌లో టచ్‌ప్యాడ్ ఆఫ్. ఎవరైనా చూపున్నవాళ్ళు వాడాలంటే మౌస్ తెచ్చుకుంటారు.

గుర్తులు. ఎఫ్, జే మీద గీతలు కంపెనీవే ఉంటాయి. ఎఫ్4, ఎఫ్8, డిలీట్, ఎఫ్ఎన్‌లకి అప్ప తన బొట్టుబిళ్ళలు అంటించింది. మన ఉక్కకి, చెమటకి వారం తిరక్కుండా జారిపోయాయి, ఒకటి ఎంటర్ కింద దూరి కీ ఇరుక్కుంది. తీసేసి గుడ్డలకి వేసే ఫ్యాబ్రిక్ పెయింట్ ట్యూబ్ ముక్కుతో చిన్న చుక్క పెట్టి రాత్రంతా ఆరనిచ్చాం. ఇంకా ఊడలేదు.

విడిగా పెద్ద యూఎస్‌బీ కీబోర్డు కొందామా అన్న ఆలోచన వచ్చింది, 500కి వస్తుంది, నా వేళ్ళకైతే హాయి. వద్దనుకున్నాం. తను కాలేజీకి మోసుకెళ్ళేది ల్యాప్‌టాప్, అక్కడ ఒళ్ళో పెట్టుకుని కొట్టాలి, కాబట్టి నేర్చుకునేది ల్యాప్‌టాప్ లేఅవుట్టే. నేను నేర్పేటప్పుడు తేడా పడ్డవి: అంతా చదువు అంటే డెస్క్‌టాప్‌లో ఎన్వీడీఏ + కింది యారో, ఇందులో ఎన్వీడీఏ + ఏ. ఈ లైను అంటే అందులో పై యారో, ఇందులో ఎన్వీడీఏ + ఎల్. మారనివి: టైటిల్‌కి టీ, టైముకి ఎఫ్12, బ్యాటరీకి షిఫ్ట్ + బీ, మెనూకి ఎన్.

ఎన్వీడీఏ + 1 కొడితే కీ హెల్ప్. అందులో ఏ కీ నొక్కినా పేరు, పని చెబుతుంది, పని మాత్రం చెయ్యదు. మళ్ళీ ఎన్వీడీఏ + 1తో బయటికి. మొదటి రోజులు దీంట్లోనే వదిలేశాను, ఏం చెడిపోతుందో అన్న భయం లేకుండా కీబోర్డు అంతా తడుముకుంది.

లెక్క: పెయింట్ 60. ఖర్చు 1,110. డేటా 1.9 జీబీ. కళ్ళ అప్పు 1.

దశ 5: సౌండు, సైన్-ఇన్, బ్యాటరీ

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పనికిరాలేదు. నిశ్శబ్దం తర్వాత మాట మొదలయ్యేటప్పుడు మొదటి అక్షరం మింగేస్తుంది, "ఓపెన్" కాస్తా "పెన్". ఆడియో సెట్టింగుల్లో మాట ఆగాక కూడా సౌండ్ డివైజ్‌ని మేలుకొలిపి ఉంచే టైము పెంచితే కొంత తగ్గింది, కానీ కీ నొక్కడానికీ మాటకీ మధ్య ఆలస్యం అలాగే ఉంది. వైరే.

సైన్-ఇన్ తెర దగ్గర ఎన్వీడీఏ వేరే వేగంతో, క్యాప్స్‌లాక్‌కి పలక్కుండా ఉంటే: అక్కడ మన సెట్టింగులు ఉండవు. ఎన్వీడీఏ జనరల్ సెట్టింగుల్లో, సేవ్ చేసిన సెట్టింగులను సైన్-ఇన్ దగ్గర కూడా వాడమనే బటన్ ఉంది. ముందు ఎన్వీడీఏ + కంట్రోల్ + సీతో సేవ్ చేసి, అప్పుడు ఆ బటన్ నొక్కండి.

స్క్రీన్ కర్టెన్ అనేది తెరని నల్లగా చేస్తుంది, బస్సులో పక్కవాళ్ళు చదవకుండా బాగుంటుంది, బ్యాటరీ మాత్రం మిగలదు, ఎల్‌సీడీలో వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. వెలుతురు సున్నాకి తగ్గిస్తేనే మిగులు. పూర్తి వెలుతురులో నాలుగు గంటలకి కాస్త అటూ ఇటూ, సున్నా పెడితే ఐదుంపావు దాకా వచ్చింది.

దశ 6: వేగం

గొంతు ఎన్వీడీఏతో వచ్చే ఈస్పీక్ ఎన్‌జీనే ఉంచాం. మొదట వింటే రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, మా బావ విని "ఏటీ భాష" అన్నాడు, అది ఇంగ్లీషే. విండోస్ వాళ్ళ హీరా, రవి గొంతులు మనిషిలా ఉంటాయి. కానీ ఈస్పీక్ రికార్డు చేసిన మనిషి గొంతు కాదు, లెక్కతో పుట్టించే చప్పుడు, అందుకే వేగం పెంచినా అక్షరాలు కలిసిపోవు, కీ నొక్కగానే పలుకుతుంది.

500 పదాల ఇంగ్లీషు పాఠం ఒకటే పెట్టి కొలిచాం:

రేటు 30: 2 నిమిషాల 50 సెకన్లు. అంతా అర్థమైంది, కానీ నిద్రొస్తోందట.
రేటు 45: 2 నిమిషాల 10 సెకన్లు. నేను అడిగిన ప్రశ్నల్లో పేర్లు మాత్రం జారాయి.
రేటు 55: 1 నిమిషం 55 సెకన్లు. కథ తెలుస్తోంది, స్పెల్లింగు పోతోంది.

చదవడానికి 45, కొత్త పాఠానికి 35 దగ్గర ఆగాం. ల్యాప్‌టాప్ లేఅవుట్‌లో ఎన్వీడీఏ + షిఫ్ట్ + కంట్రోల్ పట్టుకుని పక్క యారోలతో రేటు దగ్గరికి వెళ్ళి పై కింది యారోలతో మార్చుకోవాలి. నాలుగు కీలు, అలవాటయ్యేదాకా వేళ్ళు మెలిపడతాయి.

దశ 7: తెలుగు, ఒడియా

మా ప్రాంతం వాళ్ళు ఎవరైనా ఈ లాగ్ తెరిస్తే నేరుగా ఇక్కడికి రండి.

ఇంగ్లీషు గొంతు పెట్టి కుటుంబం వాట్సాప్ గ్రూపు తెరిస్తే తెలుగు మెసేజ్‌లు సరిగా రాలేదు. విండోస్ ఇంగ్లీషు గొంతుతో అయితే ఆ మెసేజ్ దగ్గర మౌనం. భాష తనంతట తాను మారడం అనే ఆప్షన్ ఎన్వీడీఏలో ఉంది, కానీ ఆ పేజీలో "ఇది తెలుగు" అని గుర్తు రాసి ఉంటేనే మారుతుంది. కొన్ని తెలుగు సైట్లలో ఆ గుర్తు ఉంటుంది, చక్కగా మారింది. వాట్సాప్ మెసేజ్‌కి అలాంటి గుర్తు ఉండదు.

కుదిరిన దారి ఇది:

1. ఎన్వీడీఏ + కంట్రోల్ + పీ, ప్రొఫైల్స్ పెట్టె. ప్రొఫైల్ అంటే ఒక పేరుతో దాచుకునే సెట్టింగుల కట్ట. కొత్తది, పేరు తెలుగు.
2. ఆ ప్రొఫైల్ ఆన్‌లో ఉండగా ఎన్వీడీఏ + కంట్రోల్ + వీ, గొంతు: ఈస్పీక్‌లో తెలుగు. రేటు 30. సేవ్.
3. అలాగే ఒడియా ప్రొఫైల్. ఈస్పీక్‌లో ఒడియా కూడా ఉంది.
4. షార్ట్‌కట్ కీలు పెట్టుకునే ఇన్‌పుట్ గెశ్చర్స్‌లో, ప్రొఫైల్స్ విభాగం కింద, ఒక్కోదానికి ఒక కీ.

ఒక జాగ్రత్త: ఏ ప్రొఫైల్ ఆన్‌లో ఉంటే మార్పులు అందులోకే పోతాయి. ఇంగ్లీషు రేటు పెంచాననుకుని తెలుగు రేటు పెంచేస్తారు.

తెలుగు గొంతులో ఇంగ్లీషు అక్షరాలు వస్తే ఇంగ్లీషులాగే చదువుతుంది, అది హాయి. కుదరనిది ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు. "బాగున్నావా" అని అలా కొట్టి పంపితే అది పలికేది మనిషి నోట వచ్చేది కాదు. దీనికి ఎన్వీడీఏలో మందు దొరకలేదు, చుట్టాలకే చెప్పాం: రాస్తే తెలుగులో రాయండి, లేదా వాయిస్ పెట్టండి. గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక తెలుగు కోసం కొట్లాడిన ఊరు మా పర్లాకిమిడి, ఈస్పీక్ మాత్రం వాడుకా గ్రాంథికమూ ఒకే చప్పిడి గొంతుతో చదివేస్తుంది, దానికి పక్షపాతం లేదు.

ఇక టైపింగ్. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ ఉంది, ఇంగ్లీషులో కొడితే తెలుగు మాటలు లిస్టుగా ఇస్తుంది. చూసి ఎంచుకునేవాళ్ళకి అది వేగం, వినేవాళ్ళకి ప్రతి మాటకీ లిస్టు వినడం విసుగు. ఇన్‌స్క్రిప్ట్ పెట్టాం. ఇందులో ఒక మీటకి ఒక అక్షరం, లిస్టు లేదు. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. "అమ్మ" అంటే షిఫ్ట్ + డీ, సీ, డీ, సీ, అంతే.

ఇక్కడ మా గుంటకి దొరికిన లాభం నేను అనుకోనిది. ఇన్‌స్క్రిప్ట్ చాలా భారతీయ భాషలకి ఒకే అమరిక, మన లిపులని కంప్యూటర్‌లో రాయడానికి పెట్టిన 1991 నాటి ఇస్కీ ప్రమాణంలోనే ఉంది. కే మీట తెలుగులో క, ఒడియాలోనూ క. తను స్కూల్లో ఒడియా ఇన్‌స్క్రిప్ట్ కొంచెం నేర్చుకుంది. తెలుగు లిపి ఎన్నడూ తడమలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు, అయినా లేఅవుట్ మార్చి అవే వేళ్ళతో కొడితే తెలుగు వచ్చింది. భారతీ బ్రెయిలీ కూడా ఇంతే కదా, క అంటే 1, 3 చుక్కలు, తెలుగైనా ఒడియా అయినా. అవ్వకి మెసేజ్ కొట్టి పంపి, "మావయ్యా, నాకు తెలుగు రాయడం ఎప్పుడొచ్చింది?" అంది.

పెట్టుకునే వరస: టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్, భాష చేర్చు. చేర్చేటప్పుడు డిస్‌ప్లే భాషగా పెట్టమనే టిక్ తియ్యండి, అక్కర్లేని ప్యాక్‌ల టిక్‌లు కూడా తీస్తే డేటా మిగులు. మార్చడానికి విండోస్ + స్పేస్, ఎన్వీడీఏ పేరు చెబుతుంది. ఏ లిపిలో కొడుతున్నారో ఆ ప్రొఫైల్ కూడా ఆన్ చెయ్యాలి, లేకపోతే కొట్టిన అక్షరం సరిగా వినపడదు. ఎన్వీడీఏ + 2తో అక్షరం, + 3తో పదం పలకడం ఆన్ ఆఫ్.

ఇబ్బంది ఒకటి ఉంది. "మ్మ" మీద యారో ఒక్క దూకులో దాటేస్తుంది, బ్యాక్‌స్పేస్ మాత్రం ముక్క ముక్కగా చెరుపుతుంది, ముందు కింది మ, తర్వాత పొల్లు, తర్వాత పై మ. ఎన్నిసార్లు కొట్టాలో అయోమయం. తను కనిపెట్టిన పద్ధతి, కంట్రోల్ + బ్యాక్‌స్పేస్‌తో మాట మొత్తం చెరిపి మళ్ళీ కొట్టడం. నాకూ అదే నచ్చింది.

లెక్క: ఖర్చు 1,110. డేటా 2.3 జీబీ. కళ్ళ అప్పు 1.

దశ 8: కాలేజీ నోట్సు

మూడు రకాలుగా వచ్చాయి, మూడు రకాల గతి.

మామూలు ఇంగ్లీషు వర్డ్ ఫైళ్ళు: హెచ్ కొడితే హెడింగులు దూకాలంటే ఎన్వీడీఏ + స్పేస్‌తో బ్రౌజ్ మోడ్ వెయ్యాలి, అంతే.

ఫొటో తీసి పంపిన పీడీఎఫ్‌లు: ఎన్వీడీఏకి అక్షరం దొరకదు. ఎన్వీడీఏ + ఆర్‌తో విండోస్ ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలు గుర్తుపట్టేది) నడుస్తుంది, ఇంగ్లీషు పేజీ వరకు బాగా వచ్చింది. ఒడియా పేజీలకి అది పనికిరాలేదు, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే వచ్చింది. ఎంత నిజమో చూద్దామని ఒక పేజీ అసలుతో పోల్చమని తన క్లాస్‌మేట్‌ని అడిగాం. మామూలు వాక్యాలు బానే ఉన్నాయి, పట్టికలు కలగాపులగం.

పాత ఫాంట్లలో కొట్టిన ఒడియా నోటీసులు: ఇవి యూనికోడ్ కావు, లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులే, పైన ఒడియా బొమ్మ తొడిగారు. ఎన్వీడీఏ లోపల ఉన్నదే చదువుతుంది కాబట్టి డాలర్, బ్రాకెట్, కామా అని వాగుతుంది. మన పాత తెలుగు డీటీపీ ఫైళ్ళదీ ఇదే రోగం. ప్రింటు తీసినట్టు ఇమేజ్ పీడీఎఫ్ చేసి ఓసీఆర్‌కి ఇవ్వడమే.

పాఠ్యపుస్తకాలు దొరుకుతాయేమోనని సుగమ్య పుస్తకాలయలో మెంబర్‌షిప్‌కి పెట్టాం, చూపు లేనివాళ్ళ కోసం 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ.

లెక్క: ఖర్చు 1,110. డేటా 2.9 జీబీ. కళ్ళ అప్పు 2.

దశ 9: పెన్‌డ్రైవ్ కాపీ, మిగిలినవి

ఎన్వీడీఏ మెనూ, టూల్స్, పోర్టబుల్ కాపీ. ప్రొఫైళ్ళతో సహా పెన్‌డ్రైవ్‌లోకి వెళ్ళింది, కాపీ చేసేటప్పుడు ఇప్పటి సెట్టింగులు కూడా అన్న టిక్ పెట్టాలి. కాలేజీ ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ చెయ్యనివ్వరు, ఇదైతే పెట్టి ఎంటర్ కొట్టడమే. పోర్టబుల్‌లో సైన్-ఇన్ తెర, అనుమతి అడిగే తెరలు చదవవు, మిగతా సౌండ్లు తగ్గించే ఆడియో డకింగ్ ఉండదు. ల్యాబ్‌లోవి పెద్ద కీబోర్డులు, అక్కడికి వెళ్ళగానే ఎన్వీడీఏ మెనూలో లేఅవుట్ డెస్క్‌టాప్‌కి మార్చుకుంటోంది. మార్చాక సేవ్ చెయ్యకుండా వచ్చెయ్యమని చెప్పాను, లేకపోతే తర్వాత అదే పెన్‌డ్రైవ్ ఇంకెక్కడ పెట్టినా డెస్క్‌టాప్ లేఅవుట్టే లేస్తుంది. ఎన్వీడీఏ బయటికి వెళ్ళేటప్పుడు తనంతట తాను సేవ్ చేసే ఆప్షన్ ఒకటి జనరల్ సెట్టింగుల్లో ఉంది, పోర్టబుల్‌లో దాని టిక్ తీసేశాం.

మిగిలినవి: ఎక్సెల్ పట్టికలు ఇంకా మొదలుపెట్టలేదు. ఒడియా గొంతులో కొన్ని ఒత్తులు తప్పు పలుకుతోందని తను అంటోంది, ఎన్వీడీఏలో ఉచ్చారణ డిక్షనరీ ఉంది, తప్పు పలికిన మాటలు ఒక ఫైలులో రాసుకుంటోంది, ఓ యాభై అయ్యాక ఎక్కిస్తాం. పట్టికల ఓసీఆర్‌కి దారి దొరికితే ఇక్కడే కింద చేరుస్తాను.